పొలాల్లేని వాళ్ల కోతల పండుగ

పోయిన నెల మొదటి ఆదివారం చర్చిలో నా పక్కన ఒక అమ్మాయి కూర్చుంది. ఊరికి కొత్త. ప్రభువు బల్ల జరుగుతోంది. రొట్టె ముక్కల పళ్లెం మా వరసకు వచ్చినప్పుడు ఆమె దాన్ని రెండు చేతులా అందుకుని, ఏమీ తీసుకోకుండా నా చేతికి ఇచ్చేసింది. నేను నా ముక్క తీసుకుని పళ్లెం ముందుకు పంపాను గానీ తర్వాత జరిగిన ప్రార్థనలో ఒక్క మాటా నా చెవికెక్కలేదు. అలా పళ్లెం పట్టుకుని దాటించేసే చేతుల్ని నేను ఇంకొకరి దగ్గరే చూశాను. మా మామ్మ దగ్గర.

మామ్మ అంటే నాన్నను కన్నతల్లి. అప్పట్లో మేం ట్రాఫిక్ అనే పేటలో, రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికని ఈ బెంగాలీ ఊరికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను ఆయన్ను చూడలేదు. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక చిన్న పెరడు. ఆ పెరటి గోడకు అవతల ఇంకో వరస క్వార్టర్ల పెరళ్లు. సాయంత్రమయ్యేసరికి ప్రతి పెరట్లోనూ బొగ్గుల పొయ్యి రాజేసేవాళ్లు. వీధంతా పొగ కమ్మేసి, ఆ పొగలోంచే ఎవరింట్లో చేపలు, ఎవరింట్లో చారు అన్నది ముక్కుతో చెప్పేసేవాళ్లం.

మామ్మకు చదువు రాదు. కానీ కళ్ల ముందు జరిగే ప్రతిదాంట్లోనూ ఆమెకు ఒక దేవుడి వాక్యం కనబడేది. చలికాలం తెల్లవారుజామున పొగమంచులో యార్డు వైపు నుంచి టప్పుమని పేలుళ్లు వినిపించేవి. నేను దుప్పట్లో ముడుచుకుంటే మామ్మ చెప్పేది.

"మంచులో డ్రైవరుకి ముందేటుందో అగుపడదే. అందుకని పట్టా మీద పటాసు కడతారు. చక్రం ఎక్కితే పేలతాది. సిగ్నల్ దగ్గరికొచ్చినావు, సూసుకోమని దానర్థం. మనకీ అంతే. దేవుడు దారంతా సూపించడు. దగ్గరికొచ్చినప్పుడు సప్పుడు సేస్తాడు. ఇనడానికి సెవులుండాల."

ఎండాకాలం మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆకాశం నల్లబడి కాల్‌బైశాఖి గాలి లేచేది. పిల్లలమంతా రాలిన మామిడికాయల కోసం పరిగెత్తేవాళ్లం. మామ్మ తలుపులకు గొళ్లెం పెట్టుకుంటూ, "బయపెట్టిందే సల్లబరుస్తాది ఒక్కోపాలి," అనేది. ఆ రోజుల్లో ఆవిరి ఇంజన్ల మసి ఆరేసిన బట్టల మీద పడుతూ ఉండేది. అమ్మ విసుక్కుంటే మామ్మ అందుకునేది. "సాయంత్రానికి మసి పడతాదని ఉతకడం మానేస్తామేటి? మనసైనా అంతే. రోజూ ఉతుక్కోవలసిందే."

ఇంత చెప్పే మామ్మ, నెలకోసారి ప్రభువు బల్ల వచ్చినప్పుడు రొట్టె తీసుకునేది కాదు. చర్చిలో ఆడవాళ్లు ఎడమవైపు, మగవాళ్లు కుడివైపు. మామ్మది రెండో బెంచీ. పళ్లెం వచ్చేది, అందుకునేది, పక్కావిడకు ఇచ్చేది. ద్రాక్షారసం గిన్నెల పళ్లెమూ అంతే. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. నాకు పదేళ్లు వచ్చిన ఏడాది ఒక సాయంత్రం, అమ్మ పెరట్లో పొయ్యి విసురుతుంటే అడిగాను.

అమ్మ గోడ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"మీ బాబాయి పోయినప్పట్నించీనే. నువ్వప్పుడు పాకతన్నావు. గోడవతలి మావయ్యా, మీ బాబాయీ యార్డులో పెట్టెలు తగిలించే షంటింగ్ పని సేసేవోరు. ఒకే కంచంలో తిన్నోళ్లు. ఆ రోజు డ్యూటీ మావయ్యది. గ్రౌండులో బంతాట ఫైనల్ ఉందని, నా బదులు నువ్వెల్లు బావా అని మీ బాబాయిని అడిగినాడు. ఈయన సరే అన్నాడు. వానొచ్చింది. ఇంజను మెట్టు మీద కాలు జారినాది."

"మరి అది మావయ్య తప్పా?"

"కాదు. మీ మామ్మకీ తెలుసు కాదని. తెలిస్తే సాలదు కదే, మనసొప్పాల. ఒకడి మీద కోపమెట్టుకుని రొట్టి ముట్టకూడదని ఆవిడ పట్టు. దేవుడి ముందు అబద్ధమాడి తినడం కన్నా తినకుండా ఉండడమే నయమంటాది."

గోడవతలి మావయ్య నాకు తెలిసిన మనిషే. పెళ్లి చేసుకోలేదు. తనే వండుకుని తినేవాడు. చర్చికి అందరికన్నా ఆలస్యంగా వచ్చి, మగవాళ్ల వైపు ఆఖరి బెంచీలో కూర్చుని, అందరికన్నా ముందు వెళ్లిపోయేవాడు. మామ్మ ఆయనతో మాట్లాడదని తెలుసు గానీ, అన్నేళ్లూ ఆయన పేరు కూడా మా ఇంట్లో ఎవరూ పలకలేదని అమ్మ చెప్పాకే గమనించాను.

మా చర్చిలో కోతల పండుగ అని ఒకటి జరిగేది. ఊళ్లల్లో రైతులు కొత్త పంట తెచ్చి దేవుడి ముందు పెట్టే పండుగ అది. మా వాళ్లు పొలాలు వదిలేసి రైల్వేకి వచ్చారు గానీ ఆ పండుగను మాత్రం వదల్లేదు. కోయడానికి ఏమీ లేకపోయినా పెరట్లో కాసిన ఆనపకాయో, నాలుగు ములక్కాడలో, కోడిగుడ్లో పట్టుకొచ్చేవాళ్లు. కొలిమి పని చేసే ఒకాయన ఏమీ లేక ఒక ఇనుప అట్లకాడ చేసి తెచ్చిపెడితే, చర్చి అయ్యగారు, "ఇదీ చేతుల పంటే," అని దానికీ ప్రార్థన చేశారు. ఆరాధనయ్యాక ఆ కాయలన్నీ కోసి చర్చి వరండాలో పెద్ద డేగిసాల్లో వండేవాళ్లు. అందరం కింద కూర్చుని తినేవాళ్లం.

మామ్మ ప్రతి ఏడూ గుమ్మడికాయ పెట్టేది. బల్ల దగ్గర రొట్టె తీసుకోని మనిషికి దేవుడికి ఇవ్వడానికి అదొక్కటే ఉందని నాకు అప్పుడు అర్థం కాలేదు. వానలు పడగానే విత్తనం నాటి, పేడనీళ్లు పోసి, తీగను గోడ మీదికి పాకించేది.

ఆ ఏడు తీగ విరగబూసింది. అక్కడే నా పాడు బుద్ధి పనిచేసింది. పక్క క్వార్టర్లో ఉండే బెంగాలీ ఆవిడను కాకీమా అనేవాళ్లం. ఆవిడ గుమ్మడిపూలను శనగపిండిలో ముంచి, నల్లజీలకర్ర చల్లి, ఆవనూనెలో వేయించి పెట్టేది. పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా, కాస్త తేనె వాసనతో ఉండేవి. సన్న కాడ ఉన్న పూలే తెమ్మని, కింద చిన్న బొడ్డులా పిందె ఉన్నవి ముట్టవద్దని ఆవిడ మొదటిరోజే చెప్పింది. నేను రెండు రోజులు విన్నాను. మూడో రోజు నాతో పాటు మా వీధి పిల్లలు నలుగురు చేరారు. పూలు చాల్లేదు. పిందె ఉన్నవి కూడా కోసి, పిందెను గిల్లి కాలవలో పారేసి, పువ్వు మాత్రం పట్టుకెళ్లాను. కాకీమా, "బాహ్, అనేక్ ఫూల్," అని అన్ని పూలూ చూసి మెచ్చుకుంది. పదిహేను రోజులు అదే పని.

మామ్మ పొద్దున్నే ఆకులెత్తి చూసేది. ఒక్క పిందె లేదు. మొదట చీమలనుకుంది, తర్వాత ఎండనుకుంది. ఒకరోజు వంటింట్లో అమ్మతో అంటుంటే తలుపు వెనక నుంచి విన్నాను.

"ఈ ఏడు దేవుడు మన తీగ ఏపు సూడనేదే. సేతిలో ఏటి తెచ్చినావని సూడక, మనసులో ఏటి దాసినావని సూసినట్టున్నాడు. నా కాయ ఆయనకొద్దు."

అమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. మామ్మ వినలేదు. నా వేళ్లకు ఇంకా ఆవనూనె వాసన ఉంది. లంగాకు తుడుచుకున్నాను. పోలేదు. ఆ మధ్యాహ్నం నుంచి కాకీమా ఇంటికి వెళ్లడం మానేశాను గానీ, నిజం మాత్రం నోటికి రాలేదు. కొడతారన్న భయం కాదు. దేవుడే వద్దన్నాడని ఒక మనిషి కుమిలిపోతుంటే, కాదు నేనే తినేశానని చెప్పడం ఎలాగో తెలియలేదు.

ఒకరోజు జామచెట్టెక్కి కూర్చుంటే గోడవతల నుంచి మావయ్య పిలిచాడు.

"ఏయ్ గుంటా, మీ తీగ మా ఇంటికొచ్చేసినాది, సూసినావా?"

చూస్తే, ఆయన వంటింటి పెంకుల కప్పు మీద, ఆకుల మాటున, కొబ్బరికాయంత గుమ్మడికాయ. కింద ఎండుగడ్డి పరిచి ఉంది. గోడ దాటిన ఆ ఒక్క కొమ్మ నా చేతికి అందలేదు.

"ఇది మీ మామ్మదే. పండగనాటికి పండుతాది," అన్నాడు. "ఆవిడికి సెప్పకు. నా కప్పు మీద కాసిందని తెలిస్తే తీగ కోసి పారేస్తాదేమో. ఠీక్ హై?"

తల ఊపాను. అప్పటినుంచి రోజూ జామచెట్టెక్కి కాయను చూడడం నా పని. మావయ్య దానికి ఎండ తగలడానికి ఆకులు పక్కకు జరిపేవాడు, మెల్లగా తిప్పేవాడు. ఒక సాయంత్రం మేం అలా మాట్లాడుకుంటుంటే గ్రౌండు వైపు నుంచి పెద్ద కేక లేచింది. ఎవరో గోలు కొట్టినట్టున్నారు. మావయ్య మాట మధ్యలో ఆపేశాడు. లోపలికి వెళ్లి, అంత ఉక్కలోనూ కిటికీ తలుపులు మూసేసుకున్నాడు. నేను చెట్టు దిగిపోయాను.

దుర్గాపూజలయ్యాయి. పందిళ్లు విప్పుతున్నారు. ఆ వారంలోనే తుఫాను పట్టింది. రెండో రోజు మధ్యాహ్నం గాలీ వానా కలిసి కొడుతున్నాయి. మామ్మ వెనక వరండాలో బొగ్గుల బుట్ట తడవకుండా లోపలికి లాగుతోంది. నేను సాయం పడుతున్నాను. ఉన్నట్టుండి ఆమె నడుం ఎత్తి నిటారుగా నిలబడింది.

గోడవతల, వంటింటి కప్పు మీద, మావయ్య. ఒక టార్పాలిన్ ముక్కను పరిచి తాడుతో కట్టబోతున్నాడు. గాలికి అది ఎగిరి ఆయన ముఖానికే కొట్టుకుంటోంది.

"ఆడేటి సేస్తన్నాడక్కడ?" అంది మామ్మ.

నేను జవాబు చెప్పేలోపు ఆయన కాలు జారింది. ఒక పెంకు ఊడి కింద పడి ముక్కలైంది. ఆయన ఒక మోకాలి మీద ఆగి, చూరు పట్టుకున్నాడు.

"దిగరా," అని మామ్మ అరిచింది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "దిగు. వానలో కాలు జారిపోతాదిరా. ఇనవేట్రా, దిగమంటే."

ఆయన అలాగే ఉండిపోయాడు. అంత వానలోనూ మా వైపు తిరిగి చూశాడు. తర్వాత తాడు ముడి బిగించి, కూర్చుని, కూర్చునే మెల్లగా జారుకుంటూ అవతలికి దిగిపోయాడు. మామ్మ వరండా స్తంభం పట్టుకుని నిలబడింది. చేతులకున్న బొగ్గు మసి స్తంభానికి అంటుకుంది.

"ఆ కప్పు మీద ఏటుంది?" అని అడిగింది.

చెప్పేశాను. కాయ గురించి మొదలుపెట్టి, పూల దగ్గరికి వచ్చి, పిందెలు, కాలవ, కాకీమా, అన్నీ. మామ్మ స్తంభం వదిలి నా వైపు తిరిగింది.

"నాను దేవుడనుకున్నాను," అంది. "నువ్వా."

నెత్తిమీద ఒక మొట్టికాయ వేసింది. గట్టిగానే. వెంటనే లోపలికెళ్లి తువ్వాలు తెచ్చి నా తల తుడిచింది. తుడుస్తూ గోడ వైపే చూస్తోంది.

కోతల పండుగ రోజు మావయ్య ఆ కాయను భుజం మీద మోసుకొచ్చాడు. పండి, గంధం రంగు తిరిగి, ఒక పక్క గడ్డి గుర్తులతో ఉంది. ఆనపకాయల పక్కన దించి వెనక్కి వెళ్లిపోబోతుంటే, అయ్యగారు ఎవరి పేర ప్రార్థన చేయమంటారని అడిగారు.

"రెండో బెంచీలో ఉన్న అత్తదండి," అన్నాడు. "ఇత్తనం ఆవిడిది, తీగా ఆవిడిదే."

చర్చి అంతా మామ్మ వైపు చూసింది. ఆమె లేవలేదు, తిరగలేదు.

"కప్పు ఆడిదండి," అంది అయ్యగారితోనే. "వానలో కాసుకున్నదీ ఆడే. ఇద్దరి పేరూ సెప్పండి."

ఆ కాయను మామ్మే కోసింది. బెల్లం వేసి, ఆవపెట్టి కూర వండింది. అందరికీ తనే వడ్డించింది. మావయ్య విస్తరి దగ్గరికి వచ్చినప్పుడు గరిటె ఒక్క క్షణం ఆగింది. తర్వాత అందరికన్నా కాస్త ఎక్కువే వేసి, ముందుకు జరిగింది. ఆయన తల ఎత్తలేదు.

అయిపోయింది, ఇక మామ్మ రొట్టె తీసుకుంటుంది అనుకున్నాను. తర్వాతి మొదటి ఆదివారం కోసం వేళ్లమీద రోజులు లెక్కపెట్టాను. పళ్లెం వచ్చింది, మామ్మ అందుకుంది, పక్కావిడకు ఇచ్చేసింది. క్రిస్మస్ నెలలోనూ అంతే. జనవరిలోనూ అంతే. నాకు ఏడుపొచ్చింది. ఇంటికొస్తూ అడిగితే మామ్మ దాచుకోకుండా చెప్పింది.

"కూర ఒడ్డించడం సేతులు సేసే పనే. ఇది ఏరు. నాకింకా ఒక కాడ పట్టేసి ఉంది. అదేటో నాకే తెల్దు."

చలి తగ్గి, పొద్దున పూట మంచు పలచబడుతున్న రోజుల్లో ఇంకో మొదటి ఆదివారం వచ్చింది. ఆ రోజు ప్రత్యేకం ఏమీ లేదు. జనం కూడా తక్కువే. పెద్దలు పళ్లేలు పట్టుకుని ముందు వరస నుంచి మొదలుపెట్టారు. అప్పుడు మామ్మ లేచింది. వాంతేమో అనుకుని అమ్మ కూడా లేవబోయింది. మామ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, నడవాలోకి వెళ్లింది. మగవాళ్ల వైపు బెంచీలు ఒక్కొక్కటే దాటుకుంటూ, చెప్పుల్లేని కాళ్లతో, ఆఖరి బెంచీ దాకా నడిచింది. పళ్లెం పట్టుకున్న పెద్దాయన ఉన్నచోటే ఆగిపోయాడు.

మావయ్య లేచి నిలబడ్డాడు. మామ్మ ఏదో అడిగింది. ఆయన ఏదో చెప్పాడు. మామ్మ ఇంకోసారి అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. మామ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని కాసేపు అలాగే ఉంది. తర్వాత తిరిగొచ్చి తన చోట కూర్చుంది. పళ్లెం వచ్చింది. ఒక ముక్క తీసుకుంది. నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది.

నేను వెనక్కి తిరిగి చూశాను. మావయ్య కూడా తీసుకున్నాడు. అన్నేళ్లూ ఆయనా పళ్లెం దాటించేసేవాడని ఆ రోజే తెలిసింది. వెనక బెంచీ వాళ్లను ఎవరు చూస్తారు.

ఇంటికి నడుస్తూ అమ్మానాన్నలను ముందుకు పోనిచ్చి, నేను మామ్మ కొంగు పట్టుకున్నాను.

"మావయ్యని ఏటడిగినావు మామ్మా?"

"ఆ రోజు బంతాట ఎవులు గెలిసినారని అడిగినాను."

"ఏటన్నాడు?"

"తెల్దన్నాడు. ఆట సగంలో ఉండగానే కబురొచ్చినాదంట. సెప్పులొదిలేసి యార్డు దాకా పరిగెట్టినాడంట. ఎవులు గెలిసినారో ఇంతవరకూ ఎవుల్నీ అడగనేదంట." మామ్మ నా చెయ్యి పట్టుకుంది. "నాను ఇన్నేళ్లూ ఏటనుకున్నానో తెలుసా. నా కొడుకు అక్కడ పోతంటే ఈడు ఆటంతా సూసి, సప్పట్లు కొట్టి, నవ్వుకుంటా ఇంటికొచ్చినాడని. ఒక్కపాలి అడిగుంటే పోయీది. అడగనేదు."

ఆ తర్వాత మావయ్య ఆదివారాలు మా ఇంట్లోనే తినేవాడు. మామ్మ ఆయన వంట మీద వంకలు పెట్టేది, సన్నబడిపోయావని తిట్టేది. బాబాయి గురించి ఇద్దరూ మాట్లాడుకోవడం నేను రెండు మూడుసార్లే విన్నాను. నేను కాలేజీలో ఉండగా మామ్మ పోయింది. శవపేటికకు ఒక వైపు నాన్న, ఇంకోవైపు మావయ్య భుజం పెట్టారు. తర్వాత కొన్నేళ్లకు ఆయన రిటైరై సొంత ఊరికి వెళ్లిపోయాడు. మా వరస క్వార్టర్లు కూల్చేశారు. కాకీమా కుటుంబం ఎక్కడుందో తెలియదు. బొగ్గు పొగ లేని సాయంత్రాలకు ఈ ఊరు ఎప్పుడో అలవాటు పడింది.

నేను ఇక్కడే పంతులమ్మనయ్యాను. పాతికేళ్లు ఆదివారం బడిలో పిల్లలకు మామ్మ మాటలే చెప్పాను. పొగమంచూ, పటాసుల సంగతీ చెప్తే ఇంజను చూడని పిల్లలు కూడా నోళ్లు తెరుచుకుని వింటారు. కాల్‌బైశాఖి రోజున కిటికీ దగ్గర నిలబెట్టి ఆ మాటా చెప్తాను.

ఆ ఆదివారం సంగతి ఒకసారి చెప్పబోయాను. నడవాలో మామ్మ నడవడం దాకా వచ్చేసరికి, "కాబట్టి పిల్లలూ, మనం క్షమించాలి," అని నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. పిల్లలు అలవాటుగా తలలూపారు. నేను అక్కడితో ఆపేసి పాట ఎత్తుకోమన్నాను. మామ్మకు ఆ నాలుగు బెంచీలు దాటడానికి తొమ్మిదేళ్లు పట్టింది. అంత తేలిగ్గా తలలూపేలా ఆ కథ చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. మామ్మ కూడా, అన్నిటికీ వాక్యం చెప్పే మనిషి, దానికి మాత్రం ఏ వాక్యమూ చెప్పకుండానే వెళ్లిపోయింది.